ఒకే గదిలో ఇద్దరం: మా మొదటి జానపద ఆల్బమ్ ప్రాజెక్టు డైరీ

అన్నయ్య గిటార్ వాయిస్తూ పాడతాడు. నేను వయొలిన్ వాయిస్తాను, వంత పాడతాను. పాటలు ముందే సిద్ధంగా ఉన్నాయి, జనం ముందు పాడి పాడి కుదురుకున్నవే. వాటిని రికార్డ్ చేసి, మిక్స్ చేసి, బయటికి పంపేదాకా ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు, ఎందుకు మార్చాం అన్నదే ఇక్కడ రాస్తున్నాను. మాలాగా ఇద్దరే ఉండి, స్టూడియో లేకుండా ఒక గదిలోనే ఆల్బమ్ చేద్దామనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. మీ గది కొలతలు వేరుగా ఉంటాయి కాబట్టి లెక్క వేసే పద్ధతి కూడా రాశాను.

సామాను: నాలుగు ఛానళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ప్యాటర్న్ (ఏ వైపు శబ్దం వినాలన్నది) మార్చుకోగల కండెన్సర్ మైకులు రెండు (ఒకటి అడిగి తెచ్చుకున్నది), ఒక రిబ్బన్ మైకు, ఒక చిన్న కండెన్సర్ మైకు, ల్యాప్‌టాప్, కొలిచే టేపు, తేమ కొలిచే మీటరు. రికార్డింగ్ అంతా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో.

దశ 1: గది

మొదటి టెస్ట్ రికార్డింగ్‌లో గిటార్ ఆరో తీగ మీటినప్పుడల్లా గుమ్మని మోగింది. మిగతా తీగలు మామూలుగానే ఉన్నాయి. ఈక్యూలో (స్వరాల స్థాయిని ఎక్కడికక్కడ పెంచి తగ్గించే సాధనంలో) కింది భాగం తగ్గిస్తే గిటార్ మొత్తం పల్చబడిపోయింది. ఇంకో గిటార్ పెట్టి చూశాం, అదే మోత. దాంతో సమస్య గదిలోనే ఉందని తేలిపోయింది.

గది 4.2 మీటర్ల పొడవు, 3.3 వెడల్పు, 2.8 ఎత్తు. ఎదురెదురు గోడల మధ్య ఏ స్వరం ఎక్కువగా మోగుతుందో లెక్కకట్టడం తేలిక. సెకనుకు 343 మీటర్ల శబ్ద వేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. పొడవుకు 40.8 హెర్ట్జ్ వచ్చింది, దాని రెట్టింపు 81.7. గిటార్ ఆరో తీగ 82.4. వెడల్పుకు 52 వచ్చింది, దాని రెట్టింపు 104. ఆరో తీగ నాలుగో మెట్టు మీద పలికే జి షార్ప్ 103.8. పైగా చాలా అకూస్టిక్ గిటార్ల పెట్టెలోని గాలి 100 హెర్ట్జ్ చుట్టుపక్కలే మోగుతుంది. గదీ గిటారూ ఒకదాన్నొకటి ఎగదోస్తున్నాయన్నమాట.

గోడలకు మందపాటి దుప్పట్లు కట్టాం. మాట స్పష్టంగా వచ్చింది, చప్పట్లు కొడితే వచ్చే గరగర పోయింది. ఆరో తీగ మోత మాత్రం అలాగే ఉంది. అది సహజమే. 82 హెర్ట్జ్ తరంగం పొడవు నాలుగు మీటర్ల పైమాటే. దాన్ని బాగా పీల్చాలంటే గోడ నుంచి మీటరు దాకా మందం కావాలి. రెండు వేళ్ల మందం దుప్పటి పై స్వరాలనే ఆపుతుంది.

ఇక మిగిలింది కూర్చునే చోటు మార్చడమే. అన్నయ్య కుర్చీ గది నడిమధ్యలో ఉండేది. 81.7 హెర్ట్జ్‌కి ఒత్తిడి అత్యధికంగా ఉండేది రెండు గోడల దగ్గరా, సరిగ్గా నడిమధ్యా. అత్యల్పంగా ఉండేది గోడ నుంచి పొడవులో పావు వంతు దూరంలో, అంటే 105 సెం.మీ. దగ్గర. లెక్క నిజమో కాదో ఇలా చూశాం:

1. స్పీకర్‌ను గది మూలలో పెట్టి, ఫోన్‌లోని టోన్ జనరేటర్ యాప్‌తో 82 హెర్ట్జ్ స్వరం వదిలాం.
2. గిటార్ ఉండే ఎత్తులో మైకు పెట్టి, నడిమధ్యలో లెవెల్ రాసుకున్నాం.
3. పొడవు వెంట 15 సెం.మీ. చొప్పున జరుపుతూ ప్రతిచోటా లెవెల్ రాశాం.
4. అతి తక్కువ వచ్చిన చోట నేల మీద టేపు అతికించాం.
5. ఇదే పని 104 హెర్ట్జ్‌తో వెడల్పు వెంట చేశాం.

పొడవులో 110 సెం.మీ. దగ్గర నడిమధ్య కంటే 11 డిబి (డెసిబెల్) తక్కువ వచ్చింది. వెడల్పులో 85 సెం.మీ. దగ్గర 7 డిబి తక్కువ. కుర్చీ అక్కడికి మారింది, ఆరో తీగ మిగతా తీగల వరసలోకి వచ్చేసింది. గది మొత్తం స్పందనను గ్రాఫ్‌గా చూడాలంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మాకు ఈ రెండు స్వరాలే సమస్య కాబట్టి టోన్ జనరేటర్ సరిపోయింది.

తర్వాత నిశ్శబ్దం సంగతి. ఎవరూ కదలకుండా ఒక నిమిషం రికార్డ్ చేస్తే మైనస్ 62 డిబి దగ్గర గాలి హోరు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ అది. ల్యాప్‌టాప్‌ను తలుపు బయట పెట్టి, ఐదు మీటర్ల యూఎస్‌బీ కేబుల్ వేశాం (యూఎస్‌బీ 2.0కి అదే పరిమితి). గోడ గడియారం, ఫ్రిజ్ కూడా ఆపాక మైనస్ 71కి దిగింది. ఫ్రిజ్ ఆపినప్పుడు తలుపు తాళంచెవి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు.

*మొత్తం: ఖాయమైన పాటలు 0, నిడివి 0:00.*

దశ 2: విడివిడిగా, క్లిక్‌తో

చాలామంది చెప్పే పద్ధతి ఇదే: ముందు క్లిక్ (హెడ్‌ఫోన్స్‌లో దరువు వేసే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని గిటార్, దాని మీద గొంతు, దాని మీద వయొలిన్. తప్పు వస్తే ఆ ఒక్క ట్రాక్ మళ్లీ చేసుకోవచ్చు, ఎవరి శబ్దమూ ఇంకొకరి మైకులో పడదు. కాగితం మీద బాగుంది. మాకు పనికిరాలేదు, మూడు కారణాలున్నాయి.

మొదటిది లయ. అదే పాటను ఇద్దరం కలిసి పాడిన పాత ఫోన్ రికార్డింగ్ తీసి, దరువు తట్టుకుంటూ వేగం కొలిచాను. మొదటి చరణం నిమిషానికి 92 దగ్గర మొదలై చివరికి 88కి దిగుతుంది, ఆఖరి చరణం 95 దాకా పోతుంది. క్లిక్‌లో మొత్తం 91. ప్రతి చరణం చివర అన్నయ్య మాట సాగదీసే చోటు ఉంది. అక్కడ క్లిక్ ఆగదు, మాట తెగిపోతుంది. వేగం మారేలా క్లిక్‌కే మ్యాప్ తయారుచేసి చూశాం. అప్పుడు అన్నయ్య పాటను వదిలేసి మ్యాప్‌ను వెంటాడాల్సి వచ్చింది.

రెండోది వయొలిన్ ఆలస్యం. గిటార్ తీగ మీటగానే మోగుతుంది. కమాను అలా కాదు, మెత్తగా మొదలుపెట్టిన స్వరం నిండుగా పలకడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే గదిలో ఉంటే అన్నయ్య నా కమాను కదలడం చూసి మీటు ఆపుతాడు. అది మేమెప్పుడూ మాట్లాడుకున్నది కాదు, అలవాటుగా జరిగిపోయేది. హెడ్‌ఫోన్స్‌లో ముందే రికార్డయిన గిటార్ నాకోసం ఆగదు. ట్రాక్‌ను 40 మిల్లీసెకన్లు ముందుకు జరిపితే కొన్ని స్వరాలు కలిశాయి, మరికొన్ని తొందరపడినట్టు వినిపించాయి. "నీ కమాను కనిపించకపోతే ఎక్కడ ఆగాలో నాకు తెలియట్లేదే" అని అన్నయ్య అన్నది సరిగ్గా ఈ సంగతే.

మూడోది శ్రుతి, నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది కూడా ఇదే. గిటార్ మెట్లు సమానంగా పంచిన స్వరాలకు అమర్చినవి. దానిమీద మేజర్ థర్డ్ (స, గ మధ్య దూరం) 400 సెంట్లు; ఒక్కో మెట్టు దూరం 100 సెంట్లు. రెండు గొంతులు వాటంతటవి కలిసినప్పుడు అదే థర్డ్ 386 దగ్గర స్థిరపడుతుంది, 14 సెంట్లు కింద. ఎదురెదురుగా పాడితే నా వంత తనంతట తానే అక్కడికి దిగుతుంది. హెడ్‌ఫోన్స్‌లో గిటార్ పెద్దగా వినిపిస్తుంటే గిటార్ థర్డ్‌నే పట్టుకుంటాను. విడిగా వింటే నా ట్రాక్ తప్పు లేదు. అన్నయ్య గొంతుతో కలిపితే గరుకుగా ఉంది. హెడ్‌ఫోన్స్‌లో గిటార్ తగ్గించి అన్నయ్య గొంతు పెంచితే కొంత మెరుగైంది, కానీ అప్పుడు లయ పట్టు దొరకలేదు.

ఈ దశలో చేసినవన్నీ పక్కన పెట్టేశాం. క్లిక్ ఒక్క చోట మిగిలింది: టేక్ మొదలయ్యే ముందు నాలుగు దెబ్బలు విని ఆపేస్తాం, అన్ని టేకులూ ఒకే వేగంతో మొదలవ్వాలని.

*మొత్తం: ఖాయమైన పాటలు 0, నిడివి 0:00.*

దశ 3: ఇద్దరం కలిసి, మైకుల చెవిటి వైపు లెక్క

ఒకే గదిలో వాయిస్తే ఒకరి శబ్దం ఇంకొకరి మైకులోకి పోతుంది. ఈ బ్లీడ్‌ను పూర్తిగా ఆపలేం. ఎంత తగ్గించాలి, తగ్గనిది చెవికి బాగుండాలంటే ఏం చేయాలి అన్నదే అసలు ప్రశ్న.

కష్టమంతా అన్నయ్య దగ్గరే. గొంతూ గిటారూ ఒకే మనిషి నుంచి, అరమీటరు తేడాలో వస్తాయి. కార్డియాయిడ్ ప్యాటర్న్‌లో (ముందు వైపు బాగా విని, వెనక వైపు వినని అమరికలో) గొంతు ముందు ఒకటి, గిటార్ మెడ పెట్టెను కలిసే చోట ఒకటి పెట్టాం. అన్నయ్య నోటికీ గొంతు మైకుకూ 22 సెం.మీ., నోటికీ గిటార్ మైకుకూ 56 సెం.మీ. తేడా 34 సెం.మీ., అంటే శబ్దం ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండు ట్రాకులు కలిపితే ఆ ఒక మిల్లీసెకను తేడాకు 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గొంతులో గుంటలు పడతాయి. విన్నప్పుడు గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంది. గిటార్ మైకులో గొంతు, గొంతు మైకులో ఉన్నదానికన్నా 10 డిబి మాత్రమే తక్కువ. ఆ లెక్కన గుంట లోతు 3 డిబి దాటుతుంది. అదే 20 డిబి తక్కువైతే గుంట 1 డిబి లోపే, చెవికి పట్టదు. లక్ష్యం దొరికింది: 20 డిబి.

ఫిగర్-ఎయిట్ ప్యాటర్న్ ముందూ వెనకా వింటుంది, పక్కల నుంచి దాదాపు ఏమీ వినదు. ఆ చెవిటి వైపు ఒక గీత కాదు, మైకు చుట్టూ పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. కార్డియాయిడ్ వెనక వైపు కన్నా ఫిగర్-ఎయిట్ పక్క వైపు ఈ చెవిటితనం చాలా లోతు. అమరిక ఇలా కుదిరింది:

1. రెండు మైకులూ ఫిగర్-ఎయిట్‌లోకి మార్చాం.
2. గొంతు మైకు నోటి ఎత్తుకు కొంచెం పైన, కొద్దిగా వంచి. దాని పక్క భాగం సరిగ్గా గిటార్ రంధ్రం వైపు చూడాలి.
3. గిటార్ మైకు పన్నెండో మెట్టుకు 30 సెం.మీ. దూరంలో, కింద నుంచి కొంచెం పైకి చూస్తూ. దాని పక్క భాగం నోటి వైపు ఉండాలి.
4. అన్నయ్య గిటార్ వాయించకుండా ఒకే స్వరం పట్టి పాడుతూ ఉంటే, నేను హెడ్‌ఫోన్స్‌లో గిటార్ మైకు మాత్రమే వింటూ మైకును కొంచెం కొంచెంగా తిప్పాను. గొంతు అత్యంత చిన్నగా వినిపించిన కోణంలో స్టాండ్ బిగించాను.
5. అదే పని తిరగేసి: గిటార్ మాత్రమే వాయిస్తూ గొంతు మైకు తిప్పడం.
6. రెండు ట్రాకులూ మోనోలో కలిపి, ఒకదాని పొలారిటీ (తరంగం పైకిందులు) తిప్పి, ఏది నిండుగా ఉందో చూడటం.

నాలుగో అడుగు మీద తొందరపడకండి. రెండు మూడు డిగ్రీల తేడాకే 5, 6 డిబి మారిపోయింది. చివరికి గిటార్ మైకులో గొంతు 19 డిబి తక్కువకు దిగింది. లక్ష్యానికి ఒక్క డిబి తక్కువే అయినా డబ్బా శబ్దం పోయింది. అన్నయ్య పాడుతూ తల ఊపితే ఈ లెక్క చెడిపోతుంది. నోరు ఎక్కడ ఉండాలో తెలియడానికి పాప్ ఫిల్టర్‌ను మైకుకు 10 సెం.మీ. ముందు గుర్తుగా పెట్టాం. ఫిగర్-ఎయిట్‌లో దగ్గరకు వస్తే కింది స్వరాలు బాగా ఉబ్బుతాయి కాబట్టి 22 సెం.మీ. కన్నా దగ్గరకు రానివ్వలేదు.

నా చోటు వెతకడానికి ఇంకాస్త సమయం పట్టింది. ఎదురుగా కూర్చుంటే ఆ ఫిగర్-ఎయిట్ మైకుల వెనక చెవిలో నా వయొలిన్ నేరుగా పడుతోంది. అన్నయ్యకు పక్కగా, ఇద్దరి మోకాళ్లూ ఎల్ ఆకారంలో ఉండేలా, 1.6 మీటర్ల దూరంలో కూర్చున్నాను. అక్కడైతే అన్నయ్య మైకుల చెవిటి పళ్లెంలో ఉంటాను, అన్నయ్యకు నా కమాను చెయ్యి కనిపిస్తుంది. నాకు రిబ్బన్ మైకు, 55 సెం.మీ. దూరంలో, వయొలిన్ పైనుంచి. పాడేటప్పుడు వయొలిన్ దించుతాను, అదే మైకు గొంతుకూ సరిపోతుంది. రిబ్బన్ పై స్వరాల్లో మెత్తగా ఉంటుంది, దగ్గరి నుంచి తీసిన వయొలిన్‌కు వచ్చే కీచుదనం రాలేదు. దూరానికి తగ్గట్టు గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే స్థాయి) బాగా పెంచాలి, కాబట్టి గది నిశ్శబ్దం ఇక్కడ అక్కరకొచ్చింది. రిబ్బన్ మైకు ఉన్న ఛానల్‌లో ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైకుకు పంపే కరెంటు) ఆపి ఉంచండి. కేబుల్ వైరింగ్ తేడా ఉంటే రిబ్బన్ పాడవుతుంది.

చిన్న కండెన్సర్‌ను దూరంగా గది మైకుగా పెట్టాం. లెవెల్స్ అన్నీ సగటున మైనస్ 18, పెద్ద స్వరాలకు మైనస్ 10 దాటకుండా.

వాయిద్యాలు లేకుండా ఇద్దరం పాడే పాట ఒకటి ఉంది. దానికి వేరే పద్ధతి: రెండు ఫిగర్-ఎయిట్ మైకులు ఒకదానిపై ఒకటి, 90 డిగ్రీల కోణంలో. స్టీరియో మీద అలన్ బ్లమ్లైన్ 1931లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు, ఈ జత ఆయన పేరు మీదే నడుస్తోంది. మైకులకు 1.2 మీటర్ల దూరంలో పక్కపక్కన నిలబడి పాడాం. మిక్స్‌లో ఎవరి గొంతూ పెంచలేం, తగ్గించలేం. ఎవరు ముందుకు రావాలో, ఎవరు అరడుగు వెనక్కి వెళ్లాలో పాడుతూనే తేల్చుకోవాలి. ఆల్బమ్‌లో నాకు ఎక్కువ నచ్చిన శబ్దం ఈ పాటదే. గిటార్ ఉన్న పాటలకు ఇదే పద్ధతి పెడితే గిటార్ గొంతును మింగేసింది, అందుకే అక్కడ వాడలేదు.

*మొత్తం: ఖాయమైన పాటలు 2, నిడివి 7:25. నాలుగు ట్రాకులకు నిమిషానికి 34.6 ఎంబీ చొప్పున 140 నిమిషాల ముడి రికార్డింగ్, 4.8 జీబీ.*

దశ 4: తీగలు, తేమ, శ్రుతి

ఖాయం చేసుకున్న పాటలో రెండు టేకులు అతికిద్దామంటే శ్రుతి కలవలేదు. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం చేసినది. ట్యూనర్‌తో చూస్తే 6 సెంట్లు తేడా. విడిగా వింటే ఏదీ తప్పు కాదు, అతుకు దగ్గర మాత్రం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

గదిలో దీపాల వేడికి లోహపు తీగలు సాగి శ్రుతి దిగుతుంది. తేమ మారితే చెక్క కదులుతుంది: తేమ ఎక్కువైతే గిటార్ పై పలక ఉబ్బి తీగలు మెట్ల నుంచి లేస్తాయి, తగ్గితే పలక దిగి తీగలు మెట్లకు తగిలి జివ్వుమంటాయి. మీటరు పెట్టి గదిని 45, 50 శాతం మధ్య ఉంచాం. ఆ పరిధి దాటిన రోజు రికార్డింగ్ మానేసి పాత టేకులు వినే పని పెట్టుకున్నాం.

మార్చినవి:

1. ప్రతి టేక్ ముందు ఎ 440 ట్యూనర్ స్వరాన్ని ఫైల్ మొదట్లోనే రికార్డ్ చేయడం. ఎడిట్ అప్పుడు ఏది దేనితో కలుస్తుందో ఇదే చెబుతుంది.
2. కొత్త తీగలు రికార్డింగ్‌కు ఒకరోజు ముందే కట్టి, సాగదీసి వాయించి ఉంచడం. కట్టిన వెంటనే అయితే శ్రుతి నిలవదు, వేళ్లు జారే కీచు కూడా ఎక్కువ.
3. క్యాపోను (తీగలన్నిటినీ ఒక మెట్టు దగ్గర నొక్కిపట్టే క్లిప్పు) మెట్టుకు ఆనుకుని పెట్టడం, పెట్టిన తర్వాత మళ్లీ ట్యూన్ చేయడం. క్యాపో నొక్కుడుకు శ్రుతి పైకి పోతుంది.
4. ఇ మేజర్ పాటల్లో గిటార్ మూడో తీగను 4 సెంట్లు దించడం. ఆ తీగ మొదటి మెట్టే కార్డ్‌లో థర్డ్. గిటార్ థర్డ్ కాస్త దిగితే మా గొంతుల థర్డ్‌తో గొడవ తగ్గుతుంది.

నాలుగోది అన్ని శ్రుతులకూ పనికిరాదు. అదే తీగ ఇంకో కార్డ్‌లో వేరే పని చేస్తుంది. పాట మారినప్పుడల్లా చూసుకోవాలి.

*మొత్తం: ఖాయమైన పాటలు 6, నిడివి 22:10. ముడి రికార్డింగ్ 330 నిమిషాలు, 11.4 జీబీ.*

దశ 5: టేకులు, అతుకులు

పాట మొత్తం పాడటం, మళ్లీ మొత్తం పాడటం, తర్వాత విరామం. వరసగా నాలుగోసారి పాడితే మాటలు సరిగ్గానే వస్తాయి, కానీ చెబుతున్నట్టు ఉండదు, అప్పజెప్పినట్టు ఉంటుంది. కాగితం మీద టేక్ నంబరు, మొదలైన వేగం, తేమ, ఎక్కడ ఏం పోయింది రాసుకున్నాం. వెంటనే వినలేదు, మర్నాడు విన్నాం. వాయించిన రోజు ఇద్దరికీ మన చెయ్యి తప్పిందే వినిపిస్తుంది, పాట వినిపించదు.

బ్లీడ్ ఉంది కాబట్టి ఒక్క గిటార్ స్వరాన్ని మాత్రమే మార్చలేం, ఆ తప్పు మిగతా మైకుల్లో కూడా ఉంటుంది. కోస్తే నాలుగు ట్రాకులూ ఒకే చోట కోయాలి. ఇద్దరూ ఊపిరి తీసుకునే చరణం చివరే దానికి చోటు. 20 నుంచి 40 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరగడం) చాలు. గిటార్ ఇంకా మోగుతుండగా కోస్తే ఆ మోత తోక తెగి తెలిసిపోతుంది. ప్రతి రోజూ ఖాళీ గదిని 30 సెకన్లు రికార్డ్ చేసి పెట్టుకోండి, పాట ముందూ వెనకా నింపడానికి కావాలి.

పిచ్ కరెక్షన్ కూడా ఇదే కారణంతో కుదరదు. నా గొంతు ట్రాక్‌లో స్వరం సరిచేశాం. అన్నయ్య మైకులో సరిచేయని స్వరం అలాగే ఉంది. రెండూ కలిసి మూడో మనిషి పాడుతున్నట్టు వచ్చింది. తీసేశాం.

*మొత్తం: ఖాయమైన పాటలు 11, నిడివి 40:52. ముడి రికార్డింగ్ 540 నిమిషాలు, 18.7 జీబీ, మూడు చోట్ల కాపీలు.*

దశ 6: మిక్స్

ఇక్కడ చేసింది తక్కువే. గొంతులకు 80 హెర్ట్జ్ కింద కోత, గిటార్‌కు 104 దగ్గర 2 డిబి తగ్గింపు. కంప్రెసర్ (పెద్ద శబ్దాలను అణచేది) 2:1లో, మీటర్ 3 డిబి దాటకుండా. అంతకన్నా గట్టిగా పట్టిస్తే గొంతు ఆగిన చోట గిటార్ బ్లీడ్ పైకి ఉబికి వచ్చింది. మాటలు మునిగిన చోట్ల వాల్యూమ్ చేత్తోనే గీశాను, పదం పదానికి. విసుగు పుట్టించే పనే, కానీ జానపదంలో మాట వినపడకపోతే పాటే లేదు.

గిటార్‌ను పూర్తిగా ఎడమకు, వయొలిన్‌ను పూర్తిగా కుడికి తోస్తే బ్లీడ్ వల్ల రెండూ చెదిరిపోయాయి. మేం కూర్చున్న కోణంలోనే, నడిమికి దగ్గరగా పెట్టాక నిలబడ్డాయి. రివర్బ్ (గది ప్రతిధ్వనిలాంటిది) ఒక సెకను లోపు, మొదలవడానికి 20 మిల్లీసెకన్ల ఆలస్యంతో, అదీ గది మైకుకు తోడుగా మాత్రమే. ఫోన్ స్పీకర్‌లో, మోనోలో, పక్క గదిలోంచి, మూడు రకాలుగా విన్నాకే ఖాయం. రెండు మిక్స్‌లు పోల్చేటప్పుడు లెవెల్ సమానం చేయండి, లేకపోతే పెద్దగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

దశ 7: పాట పోవడం, వరస మారడం

జానపదమని నేర్చుకున్న పాటలన్నిటికీ మూలం వెతికాం. పదకొండులో ఒకదానికి రచయిత ఉన్నారని, హక్కులు ఇంకా నడుస్తున్నాయని తేలింది. నోటినోటా తిరిగి పేరు రాలిపోయిన పాట అది. హక్కులున్నవారికి రాశాం, అనుమతి సమయానికి రాలేదు. పాట తీసేశాం. రచయిత పేరు పోగొట్టిన పాటను మళ్లీ పేరు లేకుండా మేం ముద్రించడం అన్నయ్యకూ నాకూ ఇష్టం లేదు.

మీరు ఈ పని రికార్డింగ్‌కు ముందే పెట్టుకుంటే మంచిది. రెండు విషయాలు విడిగా చూడాలి. పాట మాటలూ వరసా ఎవరివి అన్నది ఒకటి, మీరు ఏ రికార్డింగ్ విని నేర్చుకున్నారు అన్నది రెండోది. పాట ఎవరి సొత్తూ కాకపోయినా, దానికి ఒకరు కట్టిన అమరిక వాళ్లదై ఉండొచ్చు. మిగతా సంప్రదాయ పాటలకు 'సంప్రదాయం, అమరిక: మేమిద్దరం' అని రాసి, వాటాలు సగం సగం అని కాగితం మీద సంతకాలు పెట్టుకున్నాం. అన్నాచెల్లెళ్లమైనా సరే, కాగితం కావాలి.

ఆ పాట పోయేసరికి ఒకే శ్రుతి, దాదాపు ఒకే వేగం ఉన్న రెండు పాటలు పక్కపక్కకు వచ్చాయి. రెండోది మొదలవగానే మొదటిదే ఇంకా నడుస్తున్నట్టు ఉంది. మధ్యలోకి వాయిద్యాలు లేని పాటను తెచ్చాం, సరిపోయింది.

*మొత్తం: పాటలు 10, నిడివి 37:04. పాటల మధ్య విరామాలు కలిపి 37:31.*

దశ 8: మాస్టరింగ్

మొదటి ప్రయత్నంలో ప్రతి పాటనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) తెచ్చాం, స్పాటిఫై ఆ లెవెల్‌కి సర్దుతుందని. గిటార్ మీటు మొద్దుబారింది. లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) కొన్నిచోట్ల 5 డిబి నొక్కుతోంది. ఇంకా ఇబ్బందికరం ఏమిటంటే, వాయిద్యాలు లేని పాట అన్నిటితో సమానంగా మోగి ముఖం మీదికి వచ్చింది. ఆల్బమ్‌ను వరసగా వింటే స్పాటిఫై మొత్తం ఆల్బమ్‌కు ఒకే సర్దుబాటు చేస్తుంది, పాటల మధ్య తేడాలు అలాగే ఉంటాయి. కాబట్టి ఒక్కో పాటను సమానం చేయాల్సిన అవసరం లేదు. పెద్ద పాట మైనస్ 15, చిన్న పాట మైనస్ 19 దగ్గర వదిలేశాం. లిమిటర్ 2 డిబి దాటలేదు. ట్రూ పీక్ (తరంగం అసలు శిఖరం) మైనస్ 1. సీడీకి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌కి మార్చేటప్పుడు డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నని హోరు) చివర్లో ఒక్కసారే.

దశ 9: సీడీ, అప్‌లోడ్

మా ఆరో పాట ఆగకుండా ఏడో పాటలోకి పోతుంది. ఇంట్లో రాసిన టెస్ట్ డిస్క్‌లో వాటి మధ్య రెండు సెకన్ల ఖాళీ వచ్చింది. బర్నింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టే విరామం అది, మిగతా పాటలకు కూడా మా విరామాల మీద అదనంగా కలిసింది. దాన్ని సున్నా చేసి, ఆల్బమ్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా పెట్టి పాట గుర్తులు చేత్తో వేసి, డీడీపీ ఇమేజ్‌గా (సీడీ ఫ్యాక్టరీలు తీసుకునే మాస్టర్ ఫైళ్ల రూపం) ఫ్యాక్టరీకి పంపాం. పంపే ముందు ఆ ఇమేజ్‌ను ప్లేయర్‌లో తెరిచి మొదటి నుంచి చివరిదాకా వినాలి. వరసగా వినడమే కాదు, ప్రతి పాట నంబరు నొక్కి కూడా. అలా నొక్కినప్పుడే మూడో పాట మొదటి గిటార్ మీటు సగం తెగి మొదలైంది. ప్రతి గుర్తునూ శబ్దానికి 200 మిల్లీసెకన్లు ముందుకు జరిపాం.

ఆన్‌లైన్ కోసం:

1. పాటకొక ఐఎస్‌ఆర్‌సీ (రికార్డింగ్‌ను గుర్తించే నంబరు), అక్షరాలూ అంకెలూ కలిపి 12. ఒక పాట ముందే సింగిల్‌గా విడుదల చేశాం. రికార్డింగ్ అదే కాబట్టి ఆల్బమ్‌లో కూడా ఆ నంబరే.
2. ఆల్బమ్ మొత్తానికి ఒక బార్‌కోడ్.
3. కవర్ 3000 × 3000 పిక్సెళ్లు, దాని మీద వెబ్ చిరునామాలు లేకుండా.
4. మా పేరు అన్ని చోట్లా అక్షరం తేడా లేకుండా ఒకటే.
5. స్పాటిఫై సంపాదకులకు పాట సూచించడం విడుదలకు కనీసం 7 రోజుల ముందు. దానికి పాటలు అప్పటికే చేరి ఉండాలి కాబట్టి కొన్ని వారాల ముందే అప్‌లోడ్.

నాలుగోది చూసినా సింగిల్ వెళ్లి అదే పేరున్న వేరే కళాకారుల పేజీలో కూర్చుంది. పంపిణీ చేసే సంస్థకు రాసి, మా పేజీ లింక్ ఇచ్చి, మార్పించడానికి వారం దాటింది. ఆల్బమ్ అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ లింక్ ముందే ఇచ్చాం, ఈసారి సరైన చోటికే చేరింది. సింగిల్ ముందు వదలడం వల్ల దక్కిన పెద్ద లాభం ఇదే అనుకుంటున్నాను.

విడుదలయ్యాక ఫోన్‌లో వరసగా విన్నాం. ఆరు నుంచి ఏడుకు ఒక యాప్‌లో ఆగకుండా వెళ్లింది, ఇంకో దాంట్లో చిన్న తడబాటు ఉంది, క్రాస్‌ఫేడ్ సెట్టింగ్ ఆపితే పోయింది. పాటల వివరాల్లో వంత పాడినవారి పేరు ఒకచోట కనిపించలేదు, సరిచేయమని పంపాం. ఐదో పాట చివర అన్నయ్య కుర్చీ కిర్రుమన్నది అలాగే ఉంది. కోయాలంటే వయొలిన్ ఆఖరి స్వరం తోక కూడా పోతుంది, అందుకే ఉంచేశాం.

*తుది మొత్తం: పాటలు 10, నిడివి 37:31, సీడీలో 397 ఎంబీ. మైకుల కోణాలు, కుర్చీల దూరాలు, తేమ, తీగల వివరాలన్నీ ముడి ఫైళ్లతో పాటే దాచాం.*